రెండొందలకు మూడు తక్కువ

మెర్ల్ జెలెనీ ఉత్తరాల డబ్బాను త్రాసు మీద నుంచి దించి, మళ్లీ ఎక్కించి, ఇంకోసారి చూశాడు. తర్వాత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కౌంటరుకు ఇవతల నిలబడ్డ లియోనా వంక చూశాడు.

“మూడు తక్కువొచ్చాయి లియోనా.”

“సరిగ్గా చూడు.”

“సరిగ్గానే చూశాను. కట్టలన్నీ విప్పి ఒక్కొక్కటీ లెక్కపెట్టమంటే పెడతాను. నూట తొంభై ఏడే. త్రాసుకు నీ మీద పగేముంటుంది చెప్పు?”

ఆ సంగతి లియోనా వోంద్రాచెక్‌కు పొద్దున కట్టలు కడుతున్నప్పుడే తెలుసు. మెర్ల్ చూసీ చూడనట్టు పోతాడేమోనని చిన్న ఆశ. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లే. కానీ వెల్కో ఊరి పోస్టాఫీసుకు పోస్టుమాస్టరూ గుమాస్తా ఊడ్చేవాడూ అన్నీ మెర్లే. నిబంధనల పుస్తకం తెరిచాడంటే అతనికి చుట్టరికాలు గుర్తుండవు. ఊరికి అతని మీద ఉన్న గౌరవం అందుకే, కోపమూ అందుకే.

నిబంధన చిన్నదే. ఒకేలాంటి ఉత్తరాలు రెండొందలకు తగ్గకుండా తెచ్చి, పోస్టాఫీసు చెప్పిన వరసలో పేర్చి, కట్టలు కట్టి ఇస్తే టోకు టపా కింద తక్కువ ధరకు పోతాయి. చర్చిలాంటి వాటికైతే ఇంకా తక్కువ. ఒక్కటి తగ్గినా ఆ దారి మూసుకుపోతుంది, ప్రతిదానికీ మామూలు స్టాంపు అంటించాల్సిందే. సెయింట్ ప్రొకోప్ చర్చికి ఆ శీతాకాలం బాయిలరు బాగు చేయించుకోవడానికే దిక్కు లేదు.

“ఇప్పుడు నన్నేం చేయమంటావు?” అంది లియోనా.

“మూడు తీసుకురా. నాలుగింటి దాకా తలుపు తీసే ఉంటుంది.”

ఆమె డబ్బా మళ్లీ చంకన పెట్టుకుని బయటికొచ్చింది. నెబ్రాస్కా ఫిబ్రవరి గాలి మొహం మీద చెంపదెబ్బలా తగిలింది. పోస్టాఫీసు నుంచి చర్చి నాలుగడుగుల దూరమే. ఆ నాలుగడుగులూ ఆ రోజు ఆమె కాళ్లకు ఎక్కువైపోయాయి.

లియోనాకు అప్పుడు అరవై ఒకటి. భర్త లూమిర్ పాడిపశువులు అమ్మేసిన ఏడాది, చర్చి ఆఫీసులో “సగం పూట పని” అంటే చేరింది. సగం పూట అనేది జీతానికే గాని పనికి కాదని మొదటి వారంలోనే తెలిసింది. ఫోన్లు ఎత్తడం, సమాధుల తోటలో ఎవరి స్థలం ఎక్కడో చూపించడం, పెళ్లి ధ్రువపత్రాలు టైపు చేయడం, వాటన్నిటి మీదా నెలనెలా “గంట” తీయడం. గంట అంటే నాలుగు పేజీల పత్రిక. ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరికి మోకాలి ఆపరేషను అయింది, వచ్చే నెల చేపల విందుకు బంగాళాదుంపల కూర ఎవరు తెస్తున్నారు, అన్నీ అందులో ఉంటాయి. వెల్కోలో ఇంటికి ఒకటి పోతుంది.

పత్రిక టైపు చేయడం ఒక రోజు పని. దాన్ని పంపడం మూడు రోజుల పని. మొదట్లో పోస్టాఫీసు మాటలేవీ ఆమెకు అర్థమయ్యేవి కావు. అప్పట్లో మెర్ల్ కంటే ముందున్న పోస్టుమాస్టరు ఆమె కట్టలను ఎన్నిసార్లు తిప్పి పంపాడో! రబ్బరు బ్యాండు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉండాలట. ఉత్తరాల మొహాలన్నీ ఒకే వైపు ఉండాలట. ఒకే జిప్ కోడుకు, అంటే ఒకే ఊరి టపా నంబరుకు, పది ఉంటే అది ఒక కట్ట, దాని మీద ఎర్ర చీటీ. పది లేకపోతే పక్క ఊళ్లతో కలిపి ఇంకో కట్ట, దానికి ఇంకో రంగు. కట్ట ఎంత దగ్గరి ఊరిదైతే తగ్గింపు అంత ఎక్కువ. ఎందుకంటే పోస్టాఫీసు చేయాల్సిన పని నువ్వే చేసిపెట్టావు కాబట్టి. ఇది అర్థమైన రోజున లియోనా, “అంటే నేను చేసే చాకిరీకి వాళ్లిచ్చే కూలి అన్నమాట” అంది లూమిర్‌తో. “నయం, చర్చి నీకిచ్చేదానికంటే సక్రమంగా ఇస్తున్నారు” అన్నాడు లూమిర్.

అడ్రసు రాయడానికీ ఒక మర్యాద ఉంది. అన్నీ పెద్దక్షరాల్లో ఉండాలి. కామాలు వద్దు, చుక్కలు వద్దు. వీధికి, రోడ్డుకు పోస్టాఫీసు ఒప్పుకున్న పొట్టి పేర్లే వాడాలి. ఒమాహాలో ఉత్తరాలు వేరుచేసే యంత్రం అడ్రసును కింది నుంచి పైకి చదువుతుందట. ముందు ఊరు, తర్వాత రోడ్డు. మనిషి పేరు దాకా అది రానే రాదు. ఈ సంగతి పెద్దక్షరాలు మొదలైన నెలలో తొంభై ఏళ్ల అనస్తాజీ ముసలమ్మకు చెప్పలేక లియోనా తల ప్రాణం తోకకొచ్చింది. “ఏమే, నా పేరు వీధి చివర నిలబడి కేకేసినట్టు రాశావు? నాకింకా చెవుడు రాలేదు” అని ఆమె ఫోను చేసి మరీ తిట్టింది.

ఆ ఫిబ్రవరి రోజున చర్చి ఆఫీసుకు తిరిగొచ్చిన లియోనా కోటు కూడా విప్పకుండా కూర్చుంది. లింకన్‌లో ఉన్న తన చెల్లెలి పేరు ఒక చీటీ మీద టైపు చేసింది. లూమిర్ అన్న ఇంకో ఊళ్లో ఉన్నాడు, అతనిది రెండోది. మూడోదానికి ఎంత ఆలోచించినా ఎవరూ తట్టలేదు. టేబులు సొరుగు అంచుకు ఒక చీటీ అంటించి ఉంది. క్రిస్మస్ తర్వాత పోయిన రోజీ పావెల్కాది. పోయినవాళ్ల చీటీలను చెత్తలో వేయడానికి చేతులు రాక ఆమె అలా అంటించి పెట్టేది.

“ఒక్క నెలకే కదా రోజీ” అని ఆ చీటీ పీకి పత్రిక మీద అంటించింది.

మెర్ల్ ఆ పేరు చూశాడు. రోజీ శవపేటిక మోసిన ఆరుగురిలో అతనొకడు. లియోనా మొహం వైపు చూడకుండానే, “ఇప్పుడు రెండొందలు” అన్నాడు. ముద్ర వేశాడు.

ఒక్క నెలకే అనుకున్నది ఒక్క నెలతో పోలేదు. వెల్కోలో పుట్టేవాళ్ల కంటే పోయేవాళ్లు ఎక్కువై చాలా కాలమైంది. కుర్రాళ్లు హైస్కూలు అయిన మరుసటి వేసవికే ఒమాహాకో డెన్వర్‌కో వెళ్లిపోయేవారు. మిగిలినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు సమాధుల తోటకు చేరేవారు. మార్చిలో ఒకరు, ఏప్రిల్‌లో ఇద్దరు. లియోనా ఎవరి చీటీనీ తీయలేదు. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్ల పేరుకు మార్చేది. ఎవరూ లేని ఇళ్లకు పాత పేరే పోయేది.

ఆ ఇళ్లకు పోయిన పత్రికలు ఏమవుతాయో ఆమెకు తెలుసు. టోకు టపా తిరిగి రాదు. తీసుకునేవాడు లేకపోతే పోస్టాఫీసు దాన్ని పారేస్తుంది. మెర్ల్ ఒకసారి ఆ మాట పైకి అన్నాడు కూడా.

“నువ్వు కట్టి తెస్తావు, నేను విప్పి చెత్తబుట్టలో వేస్తాను. ఇద్దరికీ పని దొరికింది.”

“ఇది తప్పా మెర్ల్?”

“అడ్రసు సరిగ్గా ఉందా, లెక్క సరిపోయిందా, నేను చూసేది అంతే. మనిషి ఊపిరి తీసుకుంటున్నాడా అని పుస్తకంలో ఎక్కడా అడగలేదు.”

జూన్‌లో ఓటో మాహాల్ పోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఊరికి దక్షిణాన తాతల నాటి పొలంలో ఒంటరిగా ఉండేవాడు. ట్రాక్టరు దగ్గర గుండె ఆగిపోయింది. అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. లియోనా చర్చి కింది హాలులో పంది మాంసం రొట్టెలు పేరుస్తూ, గసగసాలు కూరిన కొలాచీ బన్నుల పళ్లేలు సర్దుతూ, మెట్ల మీద నుంచి వినిపిస్తున్న పాటలో గొంతు కలిపింది. ఓటో మంచివాడు. ఆమె కారు మంచులో కూరుకుపోయిన ప్రతిసారీ పిలవకుండానే ట్రాక్టరు వేసుకుని వచ్చినవాడు. అతన్ని తలచుకుంటూ కళ్లు తుడుచుకుంటుంటే ఎవరో చెవిలో చెప్పినట్టు వినబడింది: ఇంకొకటి తగ్గింది.

చేతిలో పళ్లెం కింద పెట్టేసింది. వంటగదిలో కుళాయి తిప్పి, అవసరం లేకపోయినా చాలాసేపు చేతులు కడుక్కుంది. మనిషి పోతే ఏడవడం పోయి లెక్క చూసుకునే స్థితికి వచ్చానా అనుకుంది. ఆ రోజు సాయంత్రం లూమిర్‌తో ఆ మాట చెప్పబోయి, చెప్పలేక, “కాళ్లు లాగుతున్నాయి” అని పడుకుంది.

ఓటో చీటీ కూడా అలాగే ఉండిపోయింది.

జూలైలో పోస్టాఫీసు తన టపా తరగతుల పేర్లన్నీ మార్చింది. ఇన్నాళ్లూ “థర్డ్ క్లాసు” అని పిలిచిన టోకు టపాను ఇక “స్టాండర్డ్” అనాలట. “ముప్పై ఏళ్లు మూడో తరగతిలో ఉన్నాం, చదవకుండానే పాసయ్యాం” అన్నాడు మెర్ల్. పేరు పెరిగింది గానీ పని తగ్గలేదు. కట్టల చీటీలు మారాయి, కాగితాలు మారాయి. అది చాలదన్నట్టు, సెప్టెంబరులో గోరుచుట్టు మీద రోకటి పోటులా జిల్లావాళ్లు పల్లె రోడ్లన్నిటికీ పేర్లు పెట్టారు. అంబులెన్సులు దారి తప్పుతున్నాయట. అప్పటిదాకా పొలాల్లో ఉన్న ఇళ్లకు అడ్రసంటే టపా రూటు నంబరు, పెట్టె నంబరు, అంతే. ఇప్పుడు ప్రతి ఇంటికీ ఒక రోడ్డు, ఒక నంబరు వచ్చాయి.

“చూశావా, నలభై ఏళ్లు పెట్టెలో బతికాం. ఆఖరికి రోడ్డున పడ్డాం” అన్నాడు లూమిర్ తమ ఇంటి ముందు పాతిన పచ్చ నంబరు రేకు వంక చూస్తూ.

అడ్రసులు కొత్త పద్ధతిలోకి మార్చకపోతే తగ్గింపు పోయి రేటు పై మెట్టుకు చేరుతుందని మెర్ల్ ముందే చెప్పాడు. లియోనా అందరికీ కార్డులు రాసింది, మీ కొత్త నంబరు చెప్పండి అని. సగం మంది జవాబివ్వలేదు. కొందరు, “నేనెక్కడుంటానో నీకు తెలియదా?” అని రాశారు. చివరికి ఆమె తన పాత కారు వేసుకుని, మొక్కజొన్న కోతల దుమ్ములో, మట్టిరోడ్ల వెంట ఇంటింటికీ తిరిగి రేకుల మీది నంబర్లు రాసుకుంది. ఎవరూ లేని ఇళ్లకు కూడా వెళ్లింది. కిటికీలకు చెక్కలు కొట్టిన రోజీ ఇంటి ముందు, గడ్డి మొలిచిన ఓటో దారి మొదట్లో, కారు ఆపి నంబరు రాసుకుంటుంటే తనకే నవ్వొచ్చింది. నడుం నొప్పి. కళ్లు మంట. టైపు చేస్తూ చేస్తూ ఒక్కోసారి మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు తీసేది.

నవంబరు సంచిక వెళ్లిన వారానికి, ఒక పొద్దున ఆఫీసు తలుపు దభాలున తెరుచుకుంది. ఓటో అక్క టిల్లీ కున్ట్స్. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, భర్త పోయాక ఊళ్లోనే చిన్న ఇంట్లో ఉంటోంది. ఇప్పటికీ తన పికప్పు తనే నడుపుతుంది. నోటికి జడిసి పూజారులే పక్కకు తప్పుకుంటారు.

“ఫాదర్ లేరు టిల్లీ అత్తా, ఆసుపత్రికి—”

“ఫాదరుతో నాకేం పని? నీతోనే.” చేతిలోని పత్రిక టేబులు మీద పడేసింది. “చదువు. మూడో పేజీ.”

నవంబరు సంచిక మూడో పేజీలో ఏముంటుందో టైపు చేసిన ఆమెకు తెలియదా? ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లుంటాయి, అందరూ ప్రార్థించడానికి.

“గట్టిగా చదువు.”

“ఈ ఏడాది మనల్ని విడిచి ప్రభువును చేరిన మనవారు...” లియోనా వేలు ఆ వరస మీద పైనుంచి కిందికి జరిగింది. “...ఓటో మాహాల్.”

“ఇప్పుడు వెనక్కి తిప్పు. ఎవరి పేరు మీద వచ్చిందో అది కూడా చదువు.”

లియోనా పత్రిక తిప్పింది. పెద్దక్షరాల్లో, కామాలూ చుక్కలూ లేకుండా, తనే చక్కగా టైపు చేసిన పేరు.

“మా తమ్ముడు పోయాడని మా తమ్ముడికే కబురు పంపావు. పాపం వాడికింకా తెలియదనుకున్నావా?”

“అత్తా...”

“ఉండు, నా మాట ఇంకా అయిపోలేదు. వాడు పోయింది జూన్‌లో. వాళ్లు రోడ్డుకు పేరు పెట్టింది సెప్టెంబరులో. ఈ ఇంటి నంబరు వాడు చూడనేలేదు! బతికినన్నాళ్లూ రెండో రూటులో, పెట్టె నంబరుతో బతికాడు. చచ్చాక వాడికి కొత్త అడ్రసు ఇచ్చావే, ఎంత ఓపికే నీకు!”

పొరపాటైందని అనొచ్చు. యంత్రం మీదికి తోయొచ్చు. టిల్లీ నమ్మేది కూడా. కానీ అబద్ధం ఆడటానికి కూడా ఓపిక కావాలి కదా. ఆమెకు అది లేదు.

“పొరపాటు కాదు అత్తా. తెలిసే పంపాను” అంది. రెండొందల సంగతి చెప్పింది. మూడు తక్కువైన రోజు, సొరుగు అంచున ఉన్న చీటీ, తర్వాత ఒక్కొక్కరే. ఓటో అంత్యక్రియల నాడు తన మనసులోకి వచ్చిన మాట కూడా చెప్పేసింది. దాన్ని అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాక తలెత్తలేదు.

టిల్లీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఎంతమంది?”

“పద్నాలుగు మంది.”

“రోజీకి కూడానా?”

“రోజీకి కూడా.”

“ఆ ఇంట్లో పిట్ట కూడా లేదే. మరి అదెక్కడికి పోతుంది?”

“మెర్ల్ చెత్తబుట్టలోకి.”

“పోనీలే. బతికున్నప్పుడూ రోజీ దాన్ని చదివిన పాపాన పోలేదు, బంగాళాదుంపల తొక్కలు తీయడానికి కింద పరిచేది.”

ఇద్దరిలో ఎవరు ముందు నవ్వారో తెలియదు. లియోనా నవ్వు మధ్యలోనే ఏడుపైంది. టిల్లీ ఆమెను ఓదార్చలేదు, సంచిలోంచి రుమాలు తీసి టేబులు మీద అటు తోసింది.

“నవ్వానని క్షమించాననుకోకు. ప్రతి వారం ఆ పొలానికి పోయి పెట్టె తెరుస్తాను. కరెంటు బిల్లు ఆగిపోయింది. విత్తనాలవాళ్లు పంపడం మానేశారు. ఇదొక్కటే వస్తుంది. కోపం తెచ్చుకోవాలో ఏడవాలో తెలియక వాడి టేబులు మీద పేర్చుకుంటూ వచ్చాను. మొన్న ఈ పేజీ చూశాక ఇక ఆగలేకపోయాను.” లేచి నిలబడింది. “వాడి పేరు తీసెయ్. ఈ రోజే తీసెయ్.”

“తీసేస్తాను. అందరివీ తీసేస్తాను.”

ఆమె వెళ్లాక లియోనా ఆ పద్నాలుగు చీటీలూ తీసేసింది. అది పది నిమిషాల పని కూడా కాదు. మధ్యాహ్నం ఫాదర్ సిరిల్ కోవార్ ఆసుపత్రి నుంచి రాగానే జరిగిందంతా చెప్పింది. ఫాదర్ మెత్తని మనిషి, ఆయన కూడా మూడు చర్చిల మధ్య తిరిగి తిరిగి అలసిపోయినవాడే.

“అంత కష్టమెందుకు లియోనా? టపా ఆపేద్దాం. ఆదివారం గుమ్మం దగ్గర పెడదాం, కావలసినవాళ్లు తీసుకుంటారు.”

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఆమె ఊపిరి పీల్చుకునేదేమో. మూడు రోజుల పని తప్పుతుంది. రబ్బరు బ్యాండ్లకు పగిలిన వేళ్లు మానతాయి. కానీ నోరు వేరే మాట అంది.

“గుమ్మం దాకా రాగలిగినవాళ్లకు గంట దేనికి ఫాదర్? లోపలికొస్తే మీరే చెప్తారుగా. రాలేనివాళ్లకే కదా మనం పంపేది.”

“మరి ఏం చేద్దాం?”

“నాకు తెలియదు. నేను అలసిపోయాను ఫాదర్. అది మాత్రం తెలుసు.”

ఆయన ఇద్దరికీ కాఫీ పోసి, తన కప్పులో చక్కెర వేసుకోవడం మర్చిపోయి తాగాడు.

ఆదివారం పూజ అయ్యాక అందరూ కింది హాలులో కాఫీ తాగుతుండగా టిల్లీ చెంచాతో గ్లాసు మీద కొట్టింది. లియోనాకు పారిపోదామనిపించింది గాని, తలుపు టిల్లీ వెనక ఉంది.

“వినండి. మన గంట చచ్చినవాళ్లకు పోతోంది. ఎందుకంటే బతికున్నవాళ్లం చాలినంత మందిమి లేం. రెండొందలు నిండకపోతే పోస్టాఫీసు ఒప్పుకోదట. ఈ అమ్మాయి ఏడాదిగా ఒక్కతే ఈ బరువు మోస్తోంది, మనలో ఎవరమూ అడగలేదు. మీ పిల్లలు, మీ అన్నదమ్ములు, ఊరొదిలి పోయినవాళ్ల అడ్రసులు ఇవ్వండి. వాళ్లు చదివినా చదవకపోయినా, ఊపిరైతే తీసుకుంటున్నారుగా!”

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. రోజీ కోడలు మార్లిస్ కప్పు కింద పెట్టి, తిన్నగా లియోనా దగ్గరికి వచ్చి, “మా అత్త పేరుతో బేరం ఆడావా?” అంది. లియోనా, “తప్పే మార్లిస్” అంది. మార్లిస్ తన పేరు కూడా తీసేయమని చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత కిరాణా కొట్లో ఎదురైనా పలకరించేది కాదు. లియోనా దాన్ని న్యాయమే అనుకుంది. అనుకున్నంత మాత్రాన మనసుకు తేలికేం కాలేదు.

అడ్రసులు మాత్రం వచ్చాయి. పాత కవర్ల చింపులు, క్రిస్మస్ కార్డుల మూలలు, రుమాలు కాగితాల మీద రాతలు. “డెన్వర్, మావాడు, పచ్చ ఇల్లు” అని ఒకరు రాసిచ్చారు. ఫీనిక్స్‌లో ఉన్న కూతురి వీధి పేరు స్పెయిన్ మాట, దాన్ని తల్లి తన తాతల నాటి చెక్ భాషలో వినబడినట్టు రాసింది. ఒక్కో అడ్రసూ వెతికి, ఫోను చేసి, జిప్ కోడు కనుక్కుని, పద్ధతి ప్రకారం టైపు చేసేసరికి లియోనాకు పని తగ్గడం పోయి రెట్టింపైంది.

డిసెంబరు సంచికకు టిల్లీ పిలవకుండానే వచ్చి మడతలు పెట్టడానికి కూర్చుంది. మడత వంకరగా పెట్టేది, పైగా లియోనా చేసే ప్రతి పనికీ వంక పెట్టేది.

“ఈ రబ్బరు బ్యాండు ఇంత బిగుతుగా ఎందుకు? ఊపిరాడక చస్తాయి.”

“రెండు వేళ్లు పట్టాలి అత్తా, అంతే.”

“నా వేళ్లా, నీ వేళ్లా?”

కట్టలు కట్టడం మొదలుపెట్టాక లియోనా ఒక సంగతి గమనించింది. వెల్కో కట్ట సన్నబడింది. మిగిలినవి ఒమాహాకు నాలుగు, డెన్వర్‌కు ఆరు, ఫీనిక్స్‌కు రెండు, ఇంకా ఎక్కడెక్కడికో ఒక్కొక్కటి. ఏ ఊరికీ పది లేవు. అన్నీ కలిపి “కలగలుపు రాష్ట్రాలు” అనే ఒకే లావు కట్ట కింద పెట్టాలి. దానికి తగ్గింపు అన్నిటికంటే తక్కువ.

మెర్ల్ తూచి, కాగితం నింపి, పెదవి విరిచాడు. “లెక్క దండిగా దాటింది. కానీ రేటు పెరిగింది. మీవాళ్లు ఇలా చెదిరిపోయి ఉంటే నేనేం చేయను?”

“చెదిరిపోయినవాళ్లను మళ్లీ ఒక్క జిప్ కోడు కిందికి తెచ్చే నిబంధన ఏమైనా ఉందా?”

“ఇంకా రాలేదు.” ముద్ర వేయబోయి ఆగాడు. “అందరూ బతికే ఉన్నారా?”

“నిన్న సాయంత్రం దాకా ఉన్నారు.”

మెర్ల్ ముద్ర వేశాడు.

జనవరిలో ఉత్తరాలు రావడం మొదలైంది. ఎప్పుడో చిన్నప్పుడు ఊరొదిలిన ఒకామె ఫీనిక్స్ నుంచి రాసింది, చేపల విందు ఇంకా జరుగుతోందా, ఆ బంగాళాదుంపల కూర ఎలా చేస్తారో రాయండి అని. ఇంకొకతను పత్రిక పంపొద్దని ఒక్క ముక్క రాశాడు. అతని తల్లి బతిమాలినా లియోనా అతని పేరు తీసేసింది. అడిగినవాళ్ల పేరు ఉంచడం, వద్దన్నవాళ్ల పేరు తీయడం, ఇక ఇదే తన నిబంధన అని చెప్పింది. టిల్లీ ఆ వేసవిలో తమ్ముడి పొలం అమ్మేసింది. కొన్నవాళ్లు మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే మెక్సికో కుటుంబం. ఆ ఇంటివాళ్లకు గంట పంపాలా అని లియోనా అడిగితే, “ముందు నేను వెళ్లి కలుస్తాను, మనుషులెలాంటివాళ్లో చూడొద్దూ” అని వెళ్లింది. సాయంత్రానికి ఒక గిన్నెడు బీన్సుతో తిరిగొచ్చి, “పంపు” అంది. పత్రిక వాళ్లు చదివారో లేదో తెలియదు, వాళ్లకు ఇంగ్లీషు అంతంత మాత్రం. కానీ మరుసటి ఏడు ఈస్టరుకు ముగ్గురు పిల్లలతో చర్చికి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు.

గంట ఇంకో నాలుగేళ్లు నడిచింది. తర్వాత బిషప్పుగారి ఆఫీసు మూడు చర్చిలను కలిపేసింది. పెద్ద ఊళ్లో ఉన్న ఆఫీసుకు అడ్రసులన్నీ తనే సర్దే కంప్యూటరు, అన్నిటినీ కలిపి పంపే కంపెనీ వచ్చాయి. లియోనా తాళాలు ఇచ్చేసిన రోజు ఫాదర్ కోవార్ ఒక చిన్న విందు పెట్టాడు. మార్లిస్ రాలేదు. టిల్లీ అప్పటికి మంచాన పడింది. లియోనా విందు నుంచి ఒక పళ్లెం నిండా కొలాచీలు తీసుకెళ్లి ఆమె పక్కన కూర్చుంది. “గసగసాలు తక్కువ వేశారు” అని టిల్లీ రెండు తింది.

ఆ తర్వాత చాలా కాలం నెలాఖరు వచ్చిందంటే లియోనాకు చీకటితోనే మెలకువ వచ్చేది. ఏదో మడత పెట్టాలి, ఎవరినో లెక్కించాలి అనిపించేది. పక్కన లూమిర్ గురక వినబడేది. ఇవాళ ఏ పనీ లేదని గుర్తొచ్చేదాకా పైకప్పు వంక చూస్తూ ఉండేది. గుర్తొచ్చాక దుప్పటి భుజాల మీదికి లాక్కుని, మళ్లీ నిద్రపోయేది.